గేటు బయటనే ఆగగలరు

ఇది ఒక మహాగాథ. ఇందులో కంటికి కనిపించని శత్రుసేన ఉంది, కాపలా లేని కోట ఉంది, ఆ కోట తలుపు దగ్గర ఒంటరిగా నిలబడ్డ తల్లి ఉంది, నెలనెలా బొగ్గు గనుల ఊళ్లనూ గోదావరినీ దాటుకుంటూ సాగిన దండయాత్ర ఉంది. ఇదే వరసలో రెండు పేజీలు రాసి అవ్వకు, అంటే మా అమ్మకు, చదివి వినిపించాను. అవ్వ చేటలో బియ్యం ఏరుతూ అంతా విన్నది. విని, "మరి గిండ్ల ముక్కు ఎప్పుడొస్తదే?" అని అడిగింది. అడగాల్సిన మాటే. కోట అంటే నా ముక్కు. శత్రుసేన అంటే నా చిన్నతనమంతా అందులోంచి కారిన చీమిడి. దండయాత్ర అంటే ఆసిఫాబాద్ నుంచి కరీంనగర్‌కు ఎర్రబస్సు. ఆ రెండు పేజీలూ చించేశాను. ఇది మహాగాథ కాదు. ఒక ఇంట్లో ఒక పిల్లకు జలుబు తగ్గలేదు, అంతే.

ఈ సంగతులు ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా ఇంటి కోళ్ల గూడు. నేను కరీంనగర్‌లో ఒక గ్రానైట్ వ్యాపారి ఆఫీసులో లెక్కలు చూస్తాను. నీలాంటి ముక్కు ఉన్న మనిషి దుమ్ము ఉన్న చోట ఉద్యోగం చేయకూడదని డాక్టరు అన్నాడు. కిటికీ తెరవని గది ఇస్తానని సేటు అన్నాడు. ఇద్దరి మాటా నిలబెట్టి ఆ గదిలో కూర్చుంటున్నాను. క్రిస్మస్‌కు ముందు ఆసిఫాబాద్‌లో ఇంటికి సున్నాలు వేయించడం మా వాళ్లకు అలవాటు. ఆ పని ఉందని అవ్వ పిలిస్తే ఈసారి సెలవు పెట్టి వెళ్లాను. వెనక గోడకు సున్నం వేయాలంటే ముందు కోళ్ల గూడు జరపాలి, గూడు జరపాలంటే దాని మీద ఉన్న రేకు తీయాలి. రేకు మీద ఒక ఇటుక, ఇటుక చుట్టూ కోళ్లు ఎన్నో ఏళ్లుగా వదిలిపెట్టిన గుర్తులు. కొబ్బరిపీచుతో రుద్దితే అడుగు నుంచి ఎర్ర అక్షరాలు బయటపడ్డాయి. 'కరీంనగర్' అని ఉంది. తిప్పి చూశాను. వెనక వైపు నీలం రంగుతో, వంకర లేకుండా రాయాలని ఊపిరి బిగబట్టి రాసినట్టున్న చేతిరాత: 'జలుబు, దగ్గు ఉన్నవారు గేటు బయటనే ఆగగలరు. వందనములు.' అది మా బాపు చేతిరాత, అంటే మా నాన్నది.

బాపు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అప్పట్లో బస్సు ముందు అద్దం దగ్గర ఊరి పేరు రాసిన రేకు బోర్డు పెట్టేవాళ్లు. ఒక బస్సు తుక్కుకు పోతుంటే బాపు దాని బోర్డు అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. మిగతా వాళ్లు అలాంటప్పుడు సీటు అడిగి తెచ్చుకుని వరండాలో వేసుకునేవాళ్లు. బాపు బోర్డెందుకు తెచ్చాడో తెలియాలంటే నా ముక్కు దగ్గరికి పోక తప్పదు.

నాకు ఊహ తెలిసేనాటికే ముక్కు కారుతోంది. అది ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తు లేదు, పుట్టుమచ్చ లాగ దాన్నీ నాతో పాటే లెక్కవేసుకున్నారు. ముక్కు ఆగితే చెవి కారేది, చెవి ఆగితే గొంతు వాచేది, గొంతు తగ్గితే మళ్లీ ముక్కు మొదలయ్యేది. మా ఇంటి వాసన అంటే నీలగిరి తైలం వాసన, కాచిన వాము వాసన, దండెం మీద ఎప్పుడూ సగమే ఆరి ఉండే గుడ్డముక్కల వాసన. నా బడి సంచిలో పలక కన్నా చేతిరుమాళ్లు ఎక్కువ. పొద్దున లేవగానే అవ్వ కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి, పాలపీక తీసేసిన సీసాతో ఒక ముక్కులో పోసేది, అది ఇంకో ముక్కులోంచి రావాలి. చాలా రోజులు అది నా నోట్లోంచి వచ్చేది. సాయంత్రం బడి నుంచి రాగానే గంజులో మరిగే నీళ్లు, దాని ముందు నేను, నా మీద దుప్పటి. బొట్టు బొట్టుగా చెమట కారుతూ ఆ చీకట్లో కూర్చోవాలి. ఎంతసేపు అంటే, అవ్వ ఒక కీర్తన మొదలుపెట్టి పూర్తి చేసేంతసేపు. అవ్వకు కీర్తనలన్నీ అన్ని చరణాలతో సహా వచ్చు. ఇది నా దురదృష్టం.

నా జబ్బు మీద ఇంట్లో ఉన్న అధికారి మా బాపమ్మ, అంటే బాపు వాళ్ల అమ్మ. ఆవిడ మహారాష్ట్రలోని రాజురా వైపు నుంచి వచ్చిన మనిషి, మాటలో సగం మరాఠీ దొర్లేది. ఆవిడ పరిశోధనలో తేలినదేమిటంటే, ఇదంతా సీతాఫలం వల్ల. చలికాలం ముందు అడవి నుంచి బుట్టలకు బుట్టలు సీతాఫలాలు వచ్చే ఊళ్లో పుట్టి, నేను వాటిని వీధి అవతల నుంచి చూడడమే కానీ ముట్టుకోవడానికి లేదు. తినలేదు కదా అయినా కారుతోందేమిటని అవ్వ అడిగితే, "కడుపుల ఉన్నప్పుడు నువ్వు తినలేదా?" అనేది. అవ్వ తిన్నది. ఆ ఊళ్లో ఎవరు తినలేదు గనక. దాంతో అవ్వ లేచిపోయి ఆవిరికి నీళ్లు పెట్టేది. ఊళ్లో డాక్టర్లు మందు ఇచ్చేవాళ్లు, మందు ఉన్నన్ని రోజులు తగ్గేది, సీసా ఖాళీ అయిన మరునాడు ముక్కు యథాస్థానానికి వచ్చేది. 'పెద్దయితే అదే పోతది' అని అందరూ అనేవాళ్లు. పెద్ద కావడానికి నేను చేయగలిగినంత నేను చేస్తున్నాను.

మాది మెథడిస్టు సంఘం. బుధవారం సాయంత్రం ఆడవాళ్ల ప్రార్థన కూటం ఉండేది, వారానికి ఒక ఇంట్లో. వంతు ఎవరిదైనా నడిపించేది మాత్రం మార్తక్క, పాడించేది మా అవ్వ. అవ్వ పేరు సుశీల. అవ్వ చేతిలో గంజీర ఉంటే ఆ వరస వేరు. మెల్లగా పాడే పాటను కూడా నడిపించి కాళ్లు కదిలేలా చేసేది. వారమంతా అంట్లు, బట్టలు, నా ముక్కు. బుధవారం మాత్రం అవ్వ జడలో పువ్వు పెట్టుకునేది. ఆవిడకు ఆ కూటమే సినిమా, అదే పుట్టిల్లు. అందుకే మా ఇంటి వంతు వచ్చినప్పుడు, 'ఈసారి పోరి ముక్కు గురించే ప్రార్థన పెడదాం' అని మార్తక్క అంటే అవ్వ ఎంత సంబరపడిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను అప్పుడు రెండో తరగతి.

ఆ బుధవారం వాన. తలుపులూ కిటికీలూ మూసి, జంపఖానా పరిచి, ఒకరి మోకాలు ఒకరికి తగిలేట్టు అందరూ కూర్చున్నారు. నన్ను నడుమ కూర్చోబెట్టారు. ఊళ్లో సగం మందికి దగ్గు ఉన్న రోజులవి. దేవుడి విషయంలో ఎవరూ దగ్గును సాకుగా చెప్పరు, అందరూ వచ్చారు. ఒక్కొక్కరుగా నా నెత్తి మీద చెయ్యి పెట్టారు, ఒక్కొక్కరుగా నుదుటి మీద ముద్దు పెట్టారు. మార్తక్క నా నుదుటికి నూనె రాసి, కన్నీళ్లతో ప్రార్థించి, మధ్యలో తను దగ్గి, అదే చెంగుతో నా ముక్కు ప్రేమగా తుడిచింది. అవ్వ గంజీర మోగుతూనే ఉంది. అంత గొప్ప కూటం మళ్లీ జరగలేదని ఆ రోజు వచ్చిన వాళ్లు ఇప్పటికీ అంటారు. ఆదివారం గుడి గంట కొట్టే వేళకు నాకు న్యుమోనియా. ఇందులో దేవుడి తప్పేమీ లేదు. నా ఆరోగ్యం కోసం ఆయన్ను పిలిచారు, ఆయన వెనకాలే దగ్గు కూడా వచ్చి కూర్చుంది.

ఊళ్లో చూసి కరీంనగర్ తీసుకుపొమ్మన్నారు. అక్కడ పిల్లల డాక్టరు ఒకాయన, సన్నగా ఉండేవాడు, మాట్లాడినంతసేపూ ఫ్యాను వైపు చూసేవాడు. ఇంతకుముందు ఏమేం వచ్చాయని అడిగాడు. బాపు ఆసిఫాబాద్ నుంచి స్టేజీలు చదివినట్టు చదివాడు: ముక్కు, చెవి, గొంతు, మళ్లీ ముక్కు, ఇప్పటిదానితో కలిపి రెండుసార్లు ఊపిరితిత్తి. డాక్టరు రక్తం తీయించి హైదరాబాద్ పంపించాడు. జ్వరం తగ్గి నేను మంచం మీద కూర్చుని మిగతా పిల్లల మందు సీసాలు పోల్చి చూసుకునే స్థితికి వచ్చాక, ఫలితం వచ్చింది.

"మీ పాపకు జలుబులు ఎక్కువగా రావట్లేదండి," అన్నాడు డాక్టరు ఫ్యానుతో. "అందరి పిల్లలకు వచ్చినట్టే వస్తున్నాయి. వచ్చినదాన్ని కొట్టి పంపించే పదార్థం రక్తంలో ఉండాలి. పుట్టుకతోనే ఈమెకు అది చాలా తక్కువ."

"సీతాఫలం తోని కాదా సారూ?" అన్నది అవ్వ.

"సీతాఫలంతో ఏం సంబంధం లేదమ్మా."

అవ్వ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఏడుస్తుందేమో అని అందరూ చూశారు. తర్వాత చెప్పింది, ఆ క్షణం తనకు ముందుగా కలిగింది అత్త మీద కోపమట.

బాపు మాత్రం ఆలోచించి అన్నాడు. "అంటే సారూ, బస్సుల కండక్టర్ లేడన్నట్టు. ఎవడు పడితే వాడు ఎక్కుతుండు. ఎక్కినోన్ని దించేటోడు లేడు."

డాక్టరు మొదటిసారి ఫ్యాను వదిలి బాపు వైపు చూశాడు. "గంతే," అన్నాడు. ఆ తర్వాత ఆయన తన దగ్గరికి వచ్చిన వాళ్లకు ఇదే మాట చెప్పేవాడని విన్నాం. బాపు పేరు మాత్రం చెప్పలేదు.

మందు ఉంది. ఇతరులు దానం చేసిన రక్తం నుంచి ఆ కాపాడే పదార్థాన్ని వేరు చేసి సీసాలో నింపుతారు, దాన్ని నెలకోసారి నరంలోకి మెల్లగా ఎక్కించాలి. నెల తిరిగేసరికి అయిపోతుంది, మళ్లీ ఎక్కించాలి. బ్రతికినన్నాళ్లూ. 'కిరాయి కండక్టర్లు' అన్నాడు బాపు. వాళ్లు వచ్చినా ముక్కు పూర్తిగా ఎండదని, చిన్న చిన్న జలుబులు ఉంటూనే ఉంటాయని, ఇంట్లో దగ్గేవాళ్లను దగ్గరికి రానివ్వొద్దని డాక్టరు చెప్పాడు. చివరగా, ఫ్యాను వైపు కూడా చూడకుండా బల్ల వైపు చూస్తూ చెప్పాడు: ఇంకోసారి ఊపిరితిత్తికి ఇలా వస్తే అది మళ్లీ మామూలు కాకపోవచ్చు.

తిరుగు ప్రయాణంలో అవ్వ మంచిర్యాల దాకా డాక్టరు చీటీ మడత విప్పుతూ, పెడుతూ కూర్చుంది. తర్వాత అడిగింది. "సీసల మందు ఒక్కరిది కాదట. వేల మందిదట. గా వేలమంది ఎవలో?"

"ఎవలో ఏమో. మనకెట్ల తెలుస్తది?" అన్నాడు బాపు.

"అండ్ల మన సంఘపోళ్లు ఎవలన్న ఉంటరా?"

"మన సంఘపోళ్లా? కానుక పళ్లెం వస్తే కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తరు. రక్తమిస్తరా?"

అవ్వ నవ్వలేదు. ఆవిడ అప్పటికే బుధవారం గురించి ఆలోచిస్తోంది.

ఎందుకంటే నేను క్షేమంగా తిరిగొచ్చినందుకు బుధవారం కృతజ్ఞత కూటం పెట్టారు. వంతు కాకపోయినా మా ఇంట్లోనే. అంటే మళ్లీ అదే జంపఖానా, అవే మోకాళ్లు, అదే చెంగు. అవ్వ పొద్దున ఉప్మాకు రవ్వ వేయించింది, పువ్వు పెట్టుకుంది, ఇల్లు తుడిచింది. సాయంత్రం గేటుకు లోపల నుంచి గొళ్లెం పెట్టి దాని ముందు నిలబడింది. నేను కిటికీ దగ్గర. వాళ్లు పాడుకుంటూ వచ్చి గేటు దగ్గర ఆగారు.

"ఏందే సుశీలా, గొళ్లెం పెట్టినవ్?" అన్నది మార్తక్క. "తియ్యి తియ్యి. జర నీళ్లు గూడ తే, గొంతు ఎండుతుంది."

"అక్కా, జలుబు ఎవలెవలకున్నది?"

"ఏంది?"

"జలుబు, దగ్గు. ఉన్నోళ్లు ఏమనుకోకుండ ఇయ్యాల ఇంటికి పోన్రి. లేనోళ్లు చేతులు కడుక్కొని రాన్రి. డాక్టర్ చెప్పిండు."

వెనక ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మార్తక్క చెంగు నడుముకు దోపింది. "దేవుని బిడ్డలను గేటు కాడ నిలబెడ్తవా?"

"దేవుని బిడ్డలకు గూడ ముక్కు కారుతది అక్కా."

ఈ మాటకు నాకు కిటికీలో నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. అందరూ కిటికీ వైపు చూసి, జబ్బు ఇంట్లోనే పెట్టుకుని మమ్మల్ని అంటావా అన్నట్టు అవ్వ వైపు చూశారు.

"ప్రార్థన చేసేది మేము, బాగు చేసేది ఆయన," అన్నది మార్తక్క. "నడుమ నీ గొళ్లెం ఏంది? గిది అవిశ్వాసం గాదా?"

అవ్వ చెయ్యి గొళ్లెం మీద నుంచి కదల్లేదు. "పోయినసారి గొళ్లెం లేకుండె గదక్కా. ఏమాయె?"

మార్తక్క గట్టి జవాబే ఇవ్వబోయింది. నోరు తెరిచేసరికి దగ్గు వచ్చింది. మామూలు దగ్గు కాదు, చెంగు అడ్డం పెట్టుకుని గేటు స్తంభం పట్టుకుని దగ్గాల్సిన దగ్గు. అది ఆగాక చెంగుతో మూతి తుడుచుకుంది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది, మిగతావాళ్లు ఆమె వెనక. జలుబు లేనివాళ్లు కూడా వెళ్లిపోయారు, మర్యాదకు. మేము ఆ ఉప్మా మరునాడు సాయంత్రం దాకా తిన్నాం.

డ్యూటీ నుంచి వచ్చి సంగతి విన్న బాపు, బోర్డు అప్పుడు బయటికి తీశాడు. "నువ్వు నోటితోని చెప్తే నువ్వు చెడ్డ. బోర్డు చెప్తే బోర్డు చెడ్డ. బస్సుల గదే పద్ధతి. మెట్ల మీద నిలబడద్దని నేనంటే కొట్లాట, రాసి పెడితే ఎవ్వడేమనడు." రాసి పెడితే ఎవ్వడూ చదవడు కూడా, అని అవ్వ అనలేదు. నీలం రంగు ఎండాక అది గేటుకెక్కింది. బాపు కండక్టరు గనక రెండో వైపును వృథా పోనివ్వలేదు. నెలకోసారి మేము ఆస్పత్రికి పోయేటప్పుడు బోర్డు తిప్పేవాడు. 'కరీంనగర్' అని కనిపిస్తే ఇంట్లో ఎవరూ లేరని పాలవాడికి, పేపరువాడికి, దొంగలకు తెలిసిపోయేది.

ఆ ప్రయాణాల గురించి చెప్పాలంటే మళ్లీ మహాగాథ అవుతుంది. కిటికీ పక్క సీటు నాది, దుమ్ము రాకుండా అద్దం మూసి ఉంచేవాళ్లు. జగిత్యాల మీదుగా పోయే బస్సయితే కొండగట్టు దగ్గర మొక్కు తీర్చుకుని గుండ్లతో ఎక్కినవాళ్లు నా ముక్కు చూసి జాలిపడి ప్రసాదం పెట్టేవాళ్లు. బాపు వద్దనేవాడు కాదు, నేను తినేదాన్ని. ఈ విషయం మా పాస్టరయ్యకు ఇప్పటికీ తెలియదు. ఆస్పత్రిలో పగలంతా సీసా బొట్టు బొట్టుగా దిగుతుంటే అవ్వ నా పక్కన కూర్చుని దాన్నే చూసేది. ఆవిడకు తెలియని వేలమంది, గేటు దగ్గర ఆగకుండా, ఒక్కరొక్కరుగా లోపలికి వస్తున్నారు. తెలిసినవాళ్లు మాత్రం రావడం మానేశారు.

నిజంగానే మానేశారు. ఎవరూ పోట్లాడలేదు, బజారులో కనిపిస్తే వందనాలు చెప్పుకునేవాళ్లు. గేటు వైపు మాత్రం చూసేవాళ్లు కాదు. గుడిలో అవ్వ చివరి బెంచీకి మారింది, ఆరాధన అయ్యాక అందరూ వరసగా చేతులు కలుపుకునే వేళకు ముందే బయటపడేది. ఎందుకంటే ఆ చేతులే ఇంటికొచ్చి నాకు అన్నం కలపాలి. పాటకు ముందు ఎవరూ ఆమె వైపు తిరగలేదు. ఇంకెవరో ఎత్తుకునేవాళ్లు, పైస్థాయిలో ఎత్తుకుని మధ్యలో విరిగేవాళ్లు. బుధవారాలు గంజీర మేకుకు వేలాడేది. ఆ రోజు మాత్రం నా ఆవిరి పని చాలాసేపు సాగేది. ఒక కీర్తన అయిపోయిందని నేను దుప్పటి ఎత్తబోతే, "ఆగే, ఇంకోటున్నది" అని రెండోది మొదలుపెట్టేది. గంజులో నీళ్లు చల్లారిపోయేవి. నేను పొడి దుప్పటి కింద కూర్చుని విన్నాను. ఒక బుధవారం ఆవిడ పాడడం ఆపి బాపును అడగడం కూడా విన్నాను. "ఏమయ్యా, బోర్డు తీసేద్దామా?" బాపు చెప్పులేసుకుని గేటు దాకా పోయొచ్చిన చప్పుడైంది. కొంతసేపటికి అవ్వే, "వద్దులే. ఉండనీ," అన్నది. పువ్వు మాత్రం పెట్టుకోవడం మానేసింది.

మందు పని చేసింది. బడికి వరసగా పోవడం మొదలైంది, దానికి నేను ఎవరికీ కృతజ్ఞత చెప్పలేదు. ముక్కు మాత్రం పాత సంబంధం తెంచుకోలేక అప్పుడప్పుడు వచ్చి పోయేది. అలా డిసెంబరు వచ్చింది. మా సంఘం వాళ్లు క్రిస్మస్‌కు ముందు సాయంత్రాలు డోలు కొట్టుకుంటూ, కాగితపు నక్షత్రం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడతారు. ఏ ఇంటినీ వదిలిపెట్టరు; వదిలిపెడితే ఆ ఇల్లు సంఘంలో లేనట్టే. అవ్వ ఆ వారమంతా గరిజెలు, అంటే కజ్జికాయలు, చేసింది. నలుగురం ఉన్న ఇంటికి ఎన్ని గరిజెలు కావాలో ఆవిడకు తెలుసు, అయినా డబ్బా నిండాక ఇంకో డబ్బా తీసింది. బాపమ్మ చూసి, "గివన్ని ఎవలు తింటరే, కోళ్లా?" అన్నది. "వస్తె వస్తరు, రాకపోతే రారు, గండ్ల పరేషాన్ ఎందుకు," అని బాపు అన్నాడు. అన్నవాడు ఆ సాయంత్రం డ్యూటీ వేరేవాళ్లకు మార్చి ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

డోలు చప్పుడు వీధి మొదట్లో మొదలైంది. ఒక ఇల్లు, ఇంకో ఇల్లు. మా పక్కింటి దగ్గర పాట అయిపోయింది. తర్వాత మా ఇల్లే. డోలు ఆగిపోయింది. అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది, చెయ్యి తలుపు మీద. బయట గుసగుసలు. అడుగుల చప్పుడు ముందుకూ పోదు, వెనక్కీ పోదు. అప్పుడు మార్తక్క గొంతు వినిపించింది.

"ఆగున్రి! ఎటు ఉరుకుతున్రు? కండ్లు లేవా? బోర్డు చదువున్రి!"

ఎవరో బోర్డును పైకి చదివారు, వందనములతో సహా.

"విన్నరు గదా. జలుబున్నోళ్లంత బోరింగు కాడికి నడువున్రి. లేనోళ్లు గేటు కాడ. ఓ సామేలూ, నిన్న రాత్రంత దగ్గినవని మీ ఆవిడ చెప్పింది, అటు నడువ్!"

వీధికి అవతల చేతిపంపు ఉంది. సగం మంది అక్కడికి పోయారు. డోలు అటు పోయింది. క్రిస్మస్ తాత కూడా అటే పోయాడు. పోయి, గడ్డం తీసి ముక్కు చీదుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అందరినీ విడగొట్టాక మార్తక్క ఒక్క క్షణం గేటు దగ్గర నిలబడి అవ్వ వైపు చూసింది. "నాది గూడ ఇంక తగ్గలేదే సుశీలా," అని తను కూడా బోరింగు దగ్గరికి నడిచింది.

పాట మొదలైంది. గేటు దగ్గరివాళ్లు ఒక మాట ముందు, బోరింగు దగ్గరివాళ్లు ఒక మాట వెనక. రెండు ఊళ్ల వాళ్లు పందెం పెట్టుకుని పాడుతున్నట్టుంది. ఒక చరణం అయ్యేదాకా అవ్వ ఓర్చుకుంది. తర్వాత లోపలికి పోయి మేకు మీద నుంచి గంజీర తీసింది. వరండాలో నిలబడి కొట్టడం మొదలుపెట్టగానే అటువాళ్లూ ఇటువాళ్లూ దారికొచ్చారు. పాట అయ్యాక మార్తక్క వీధి అవతల నుంచి నా కోసం ప్రార్థన చేసింది. అంత దూరం నుంచి వినపడాలి గనక అరిచి చేసింది. నా ముక్కు వివరాలన్నీ ఆ రాత్రి వీధంతా తెలిసిపోయాయి. బాపు గరిజెల పళ్లెం గేటు స్తంభం మీద పెట్టి, "ఒక్కొక్కరు, ఒక్కొక్కరు, తీసుకున్నోళ్లు ముందుకు జరుగున్రి," అని పని మొదలుపెట్టాడు. ఇంతలో అవ్వ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగా ముక్కు చీదింది. బాపు వెనక్కి తిరిగి చూశాడు.

"నీకు గూడ జలుబేనా? బోరింగు కాడికి నడువ్."

అవ్వ గంజీరతో అతని వీపు మీద ఒకటి వేసింది. తాళం తప్పలేదు.

ఆ తర్వాత బుధవారాల కూటం మా వంతు వచ్చినప్పుడు వరండాలో, తలుపులు తీసి, దగ్గేవాళ్లు లేకుండా జరిగేది. బోర్డు తనే కనిపెట్టినట్టు మార్తక్క ఊరంతా చెప్పుకుంది. చాలా ఏళ్ల తర్వాత రోగం భయంతో లోకమంతా తలుపులు వేసుకున్నప్పుడు, "మేం గిది ఎప్పుడో చేసినం," అని ఆవిడ గేటు గేటుకూ పోయి చెప్పింది, దూరం నుంచే. అప్పటికి మా గేటు మార్చారు, కొత్త గేటుకు బోర్డు తగిలించే కొక్కెం లేదు. ఆ బోర్డు కోళ్లకు పోయింది.

ఇప్పుడు కరీంనగర్‌లో నా హాస్టలు గదికి గేటు లేదు, గేటు దగ్గర అవ్వ లేదు. ఆఫీసులో ఎవరైనా తుమ్మితే నేనే కుర్చీ జరుపుకుంటాను. పొద్దున ముక్కులో ఉప్పునీళ్లు నేనే పోసుకుంటాను. దానికి ఇప్పుడు దుకాణంలో మంచి సీసా దొరుకుతుంది, నీళ్లు నోట్లోకి రావు. ఆవిరికి కరెంటు మిషను ఉంది. దానికి కీర్తనలు రావు, సమయం కాగానే అదే ఆగిపోతుంది. ఆస్పత్రికి ఒక్కదాన్నే పోయి, చెయ్యి చాపి, ఫోను చూసుకుంటూ పడుకుంటాను. ఇది ఇంత చిన్న పని అయినందుకు సంతోషించాలి. ఎక్కువ రోజులు సంతోషంగానే ఉంటాను. సీతాఫలాలు కూడా తింటాను. బాపమ్మ చనిపోయేదాకా డాక్టరు మాట ఒప్పుకోలేదు. అందుకని తినేముందు ఒకసారి పైకి చూస్తాను. తిన్నాక ఒకసారి తుమ్ము వస్తుంది, ప్రతిసారీ. దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు.

కడిగిన బోర్డు పట్టుకుని నేను వెనక వాకిట్లో కూర్చున్నాను. దీన్ని హాస్టలు గదిలో గోడకు పెట్టుకోవాలని, దాని గురించి మంచి ముగింపు ఒకటి రాయాలని అనుకుంటున్నాను. ఇంతలో ఇంటి ముందు గేటు దగ్గర కర్ర చప్పుడైంది. మార్తక్కకు ఇప్పుడు మోకాళ్లు పని చేయవు, చెవులు అంతకన్నా తక్కువ.

"సుశీలా! కృప వచ్చిందటనే? నాకు జలుబు లేదు. రానా?" అని గేటు బయట నుంచే అరిచింది. కృప అంటే నేనే. ఆ బోర్డు పోయి ఎన్నేళ్లయినా ఆవిడ మా ఇంటికి ఇలాగే వస్తుంది.

"రా అక్కా, గొళ్లెం తీసే ఉన్నది," అని అవ్వ లోపల నుంచి అరిచింది. తర్వాత నా వైపు తిరిగి, "గా రేకు పట్టుకొని ఏం జేస్తున్నవే? సున్నం ఆరింది, గూటి మీద పెట్టు. పిల్లి తిరుగుతుంది."

"ఏ పక్క పైకి పెట్టాలె?"

"ఏ పక్కయితేంది? కోళ్లు చదువుతయా?"

నీలం అక్షరాలు పైకి పెట్టి, మీద ఇటుక పెట్టాను. గురువారం ఆస్పత్రిలో ఈ నెల సూది ఉంది. ముందు రోజు నుంచే నీళ్లు బాగా తాగాలి, లేకపోతే నరం దొరకదు.